తల్లి ఇచ్చిన కిడ్నీని శరీరం ఎందుకు తిరస్కరిస్తుంది: యాంటీబాడీలు, బయాప్సీ నివేదిక, చికిత్స, తరువాతి దాత

చదివే ఇతరులకు కూడా సందర్భం తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా రాస్తున్నాను. మీరు మేనత్త కూతురిని వివాహం చేసుకున్నారు. రెండు కాన్పుల తరువాత మీ భార్యకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ మీద ఉన్నప్పుడు రెండుసార్లు రక్తం ఎక్కించారు. నాలుగేళ్ల క్రితం మీ మేనత్తగారే, అంటే ఆమె తల్లి, కిడ్నీ ఇచ్చారు. మూడేళ్ల పాటు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థ పదార్థం) 1.1 దగ్గర నిలకడగా ఉంది. నిరుడు మెడలో గడ్డలు వచ్చి, గ్రంథుల టీబీ అని తేలి, తొమ్మిది నెలలు మందులు వాడారు. ఇప్పుడు 34 ఏళ్ల వయసులో ఆమె క్రియాటినిన్ 1.7కి చేరింది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. బయాప్సీలో దీర్ఘకాలిక క్రియాశీల యాంటీబాడీ తిరస్కరణ అని, రక్తపరీక్షలో దాతకు వ్యతిరేకమైన డీక్యూ యాంటీబాడీ 11,000 అని వచ్చింది. ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం) చేయించమని ఆసుపత్రిలో సూచించారు. కన్నతల్లి కిడ్నీకే ఇలా ఎందుకు జరిగింది, ఈ చికిత్సతో నయమవుతుందా, ఇది పోతే రెండో కిడ్నీ నేను ఇవ్వవచ్చా అని మీరు అడిగారు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిని చాలాకాలంగా చూస్తున్న నెఫ్రాలజిస్టుగా నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ భార్య విషయంలో అన్నిటికంటే ముందు చూడవలసింది ప్లాస్మా మార్పిడి కాదు, ఆమె రక్తంలో టాక్రోలిమస్ (కిడ్నీని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందు) స్థాయి. యాంటీబాడీ పుట్టిన తరువాత దాన్ని తొలగించే శక్తి మా చేతుల్లో ఇప్పటికీ చాలా తక్కువ. దాన్ని పుట్టనివ్వకుండా, పుట్టినదాన్ని పెరగనివ్వకుండా అదుపులో ఉంచే శక్తి మాత్రం రోజూ రెండు పూటలా వేసుకునే మాత్రల్లోనే ఉంది.

మొదటి ప్రశ్నకు వస్తాను. మన కణాల మీద హెచ్ఎల్ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇది నా శరీరం, ఇది పరాయిది అని రోగనిరోధక వ్యవస్థ తేల్చుకోవడంలో వీటిదే ప్రధాన పాత్ర. వీటి జన్యువులు, అంటే ఏ, బీ, సీ, డీఆర్, డీక్యూ, డీపీ అని పిలిచేవి, ఆరో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉండడం వల్ల సాధారణంగా విడివిడిగా కాకుండా ఒక కట్టగా తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వస్తాయి. ప్రతి మనిషిలోనూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు కట్టలు ఉంటాయి. మీ మేనత్తగారి రెండు కట్టల్లో ఒక్కటే కూతురికి వచ్చింది. రెండోది కూతురి శరీరానికి పరాయిదే. కిడ్నీలో మాత్రం రెండూ ఉన్నాయి. కన్నతల్లి కిడ్నీ అయినా సగమే కలుస్తుందని అనడానికి కారణం ఇది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో రోగ నిరోధకతను అణచే మందులు లేకుండానే కిడ్నీ పనిచేసిందంటే, దాత, గ్రహీత ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కావడమే అందుకు కారణం. అలాంటి కవలలు కాని అందరి విషయంలోనూ, తల్లి అయినా తోబుట్టువు అయినా, మందులు లేకపోతే ఆ కిడ్నీ నిలవదు.

ఇక్కడ మీ మేనరికం ముఖ్యమవుతుంది. పేరు కోసం ఆ తల్లి నుంచి కూతురికి వచ్చినదాన్ని మొదటి కట్ట అని, రానిదాన్ని రెండో కట్ట అని అనుకుందాం. మీ తండ్రిగారు మీ మేనత్తగారికి తోబుట్టువు కాబట్టి, ఆ రెండో కట్ట ఆయనలోనూ ఉండే అవకాశం రెండింట ఒకటి. ఆయన నుంచి మీకు వచ్చి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అది మీలో ఉంటే, మీ పిల్లల్లో ఒకరికైనా వచ్చి ఉంటే, మీ భార్య గర్భవతిగా ఉన్నప్పుడే ఆమె శరీరం ఆ కట్టను ఒకసారి చూసి ఉంటుంది. గర్భంలోనూ ప్రసవ సమయంలోనూ బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి, వాటిలో తండ్రి వైపు నుంచి వచ్చిన హెచ్ఎల్ఏకు తల్లి శరీరం యాంటీబాడీలు తయారు చేయవచ్చు. తరువాతి సంవత్సరాల్లో ఆ యాంటీబాడీ తగ్గిపోయి పరీక్షకు అందకుండా పోవచ్చు, కానీ దాన్ని తయారు చేయడం తెలిసిన జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి. మీ ఇద్దరి విషయంలో ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. మార్పిడికి ముందు మీ భార్యకు, మీ మేనత్తగారికి చేసిన హెచ్ఎల్ఏ టైపింగ్ కాగితాలు ఆసుపత్రి ఫైలులో ఉంటాయి. మీకు కూడా ఆ పరీక్ష చేయించి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఊహతో పని లేకుండా తేలిపోతుంది. మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది కాబట్టి ఆ విషయానికి మళ్లీ వస్తాను.

అప్పట్లో క్రాస్‌మ్యాచ్, అంటే రోగి రక్తంలో దాతకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్నాయా అని మార్పిడికి ముందు చూసే పరీక్ష, నెగటివ్ అని వచ్చింది కదా అని మీరు అడగవచ్చు. ఆ పరీక్ష విలువ ఎంతో ముందు చెప్పాలి. 1969లో పటేల్, టెరాసాకి అనే ఇద్దరు ప్రచురించిన లెక్కలో, మార్పిడికి ముందే దాత కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్న 30 మందిలో 24 మందికి కిడ్నీ వెంటనే పోయింది. అలాంటి యాంటీబాడీలు లేని 195 మందిలో అలా పోయింది 8 మందికే. ఆ తరువాత మార్పిడికి ముందు క్రాస్‌మ్యాచ్ చేయడం ఆనవాయితీ అయింది, ఆపరేషన్ బల్ల మీదే కిడ్నీ నల్లబడిపోయే తక్షణ తిరస్కరణ చాలా అరుదైపోయింది. అయితే దాత కణాల మీద రోగి సీరం వేసి అవి చనిపోతున్నాయా అని చూసే పాత పద్ధతి క్రాస్‌మ్యాచ్, ఆ రోజు ఆ రక్తంలో గట్టిగా ఉన్న యాంటీబాడీని మాత్రమే పట్టుకుంటుంది. కొద్ది మోతాదులో ఉన్నవాటిని పట్టాలంటే ఫ్లో క్రాస్‌మ్యాచ్, ఒక్కొక్క పూస మీద ఒక్కొక్క హెచ్ఎల్ఏ ప్రోటీన్ అతికించి చేసే సింగిల్ యాంటిజెన్ పరీక్ష కావాలి. ఖర్చు కారణంగా అందరికీ ఇవి చేయరు. కాన్పులైన స్త్రీలకు, రక్తం ఎక్కించుకున్నవారికి, రెండోసారి మార్పిడికి వచ్చినవారికి మాత్రం ఈ ఖర్చు తగ్గించుకోదగినది కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఇప్పుడు నివేదిక. మీరు రాసిన ప్రకారం అందులో జీ 2, పీటీసీ 2, సీ4డీ 3, సీజీ 1బీ, ఐ 0, టీ 0, మచ్చకట్టిన భాగం 20 శాతం అని ఉంది. కెనడాలోని బాన్ఫ్ పట్టణంలో 1991లో మొదలైన నిపుణుల సమావేశాలు రూపొందించిన పద్ధతి ఇది. ప్రపంచమంతటా మార్పిడి కిడ్నీ బయాప్సీలను ఇదే భాషలో రాస్తారు. యాంటీబాడీ కిడ్నీ కణజాలంలోకి చొరబడదు, రక్తనాళాల లోపలి పొరకు అంటుకుంటుంది. అక్కడికి కాంప్లిమెంట్ అనే, కణాలను దెబ్బతీసే రక్తప్రోటీన్లను పిలుస్తుంది, తెల్లకణాలను రప్పిస్తుంది. జీ అనేది వడపోత గుచ్ఛాల్లో, పీటీసీ అనేది గొట్టాల చుట్టూ ఉన్న సన్నని రక్తకేశనాళికల్లో ఈ తెల్లకణాలు ఎంతగా గుమిగూడాయో చెబుతాయి. సీ4డీ అనేది కాంప్లిమెంట్ పని చేసి వెళ్లిన తరువాత గోడకు అతుక్కుని మిగిలే ముక్క, 3 అంటే సగానికి పైగా నాళికల్లో అది కనిపించిందని అర్థం. సీ4డీ కనబడకపోయినా యాంటీబాడీ తిరస్కరణ ఉండవచ్చని 2013 నుంచి బాన్ఫ్ వర్గీకరణ అంగీకరిస్తోంది, కాని మీ భార్య నివేదికలో ఆ సందేహానికి చోటు లేదు.

ఇవి ఇప్పుడు జరుగుతున్న మంటను చూపే అంకెలు. సీజీ వేరు. దెబ్బతిన్న లోపలి పొర మళ్లీ మళ్లీ మరమ్మతు చేసుకునే క్రమంలో వడపోత నాళిక గోడ రెండు పొరలుగా కనిపించడం మొదలవుతుంది. దాన్ని కొలిచేది సీజీ, మూత్రంలో ప్రోటీన్ పోవడానికి కారణం అదే. ఏర్పడిన రెండో పొర, మచ్చకట్టిన 20 శాతం ఏ మందుతోనూ వెనక్కి రావు. మీ భార్యకు సీజీ 1బీ, అంటే మూడు మెట్లలో మొదటి మెట్టే. మచ్చ కూడా తక్కువ. కాపాడుకోవలసిన కిడ్నీ ఇంకా చాలా మిగిలి ఉందని ఈ రెండు అంకెలూ చెబుతున్నాయి, నివేదికలో నేను అన్నిటికంటే ముందు చూసేవి ఇవే. ఐ, టీ (కిడ్నీ కణజాలంలో, గొట్టాల్లో మంటను కొలిచేవి) రెండూ 0 అంటే టీ కణాల వల్ల వచ్చే తిరస్కరణ ఇందులో కలిసి లేదు. అది ఉండి ఉంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో కొంత వెంటనే తగ్గేది.

క్రియాటినిన్ 1.1 నుంచి 1.7కి రావడం చిన్న తేడాలా కనిపిస్తుంది. ఆమె వయసుకు లెక్క కడితే వడపోత సామర్థ్యం సుమారు 67 నుంచి 40కి పడిపోయింది. యాంటీబాడీ ముందు వస్తుంది, నాళికల్లో మంట తరువాత, ప్రోటీన్ పోవడం ఆ తరువాత, క్రియాటినిన్ పెరగడం చివరన. నివురుగప్పిన నిప్పులా నెలల తరబడి సాగిన తరువాతే అంకె కదులుతుంది. అందుకే క్రియాటినిన్ బాగుంది కాబట్టి అన్నీ బాగున్నాయని అనుకోవడానికి వీల్లేదు. ఏడాదికి ఒకసారైనా డీఎస్ఏ (దాతకు వ్యతిరేకమైన యాంటీబాడీ) పరీక్ష, మూడు నెలలకు ఒకసారి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోవాలని నేను నా రోగులకు చెబుతాను.

11,000 అనే అంకె గురించి ఒక మాట. అది పూస మీద మెరుపు తీవ్రతే కానీ రక్తంలో యాంటీబాడీ బరువు కాదు. ప్రయోగశాల మారితే మారుతుంది, యాంటీబాడీ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అంకె తక్కువగా కూడా రావచ్చు. 11,000 కాస్తా 9,000 అయిందని సంతోషించడానికీ, 12,000 అయిందని కుంగిపోవడానికీ అర్థం లేదు. అదే ప్రయోగశాలలో సగానికి పైగా తగ్గితే అప్పుడు దానికి విలువ ఇవ్వవచ్చు.

ఈ యాంటీబాడీ ఇప్పుడే ఎందుకు వచ్చింది? మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన టీబీ మందుల దగ్గరే నా అనుమానం ఆగింది. టీబీకి ఇచ్చే కలిపిన మాత్రల్లో సాధారణంగా రిఫాంపిసిన్ ఉంటుంది. ఆ రోజుల్లో ఆమెకు మూత్రం నారింజ రంగులో వచ్చి ఉంటే అది ఉన్నట్టే. రిఫాంపిసిన్ కాలేయంలోనూ పేగుల్లోనూ టాక్రోలిమస్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌లను విపరీతంగా పెంచుతుంది. అదే స్థాయి నిలబెట్టాలంటే టాక్రోలిమస్ మోతాదును రెండు మూడు రెట్లు, కొందరిలో అంతకంటే ఎక్కువగా పెంచవలసి వస్తుంది. టాక్రోలిమస్‌తో పాటు వాడే ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్), మైకోఫెనొలేట్ ప్రభావం కూడా తగ్గుతుంది. టీబీ మందులు రాసినవారు ఒకరు, కిడ్నీ చూసేవారు మరొకరు అయి, మధ్యలో టాక్రోలిమస్ స్థాయి ఎవరూ చూడకపోతే, రోగి ఒక్క మాత్ర కూడా మానకపోయినా మానినట్టే అవుతుంది. కిడ్నీ మార్పిడి అయినవారికి టీబీ వస్తే చాలా చోట్ల రిఫాంపిసిన్ లేని మందుల కలయికలు వాడతారు, లేదా దాని బదులు ఆ ప్రభావం తక్కువగా ఉండే రిఫాబుటిన్ ఇస్తారు. రిఫాంపిసినే ఇవ్వవలసి వస్తే మొదట్లో వారానికి రెండుసార్లయినా స్థాయి చూస్తారు. ఆ తొమ్మిది నెలల్లో చేయించిన టాక్రోలిమస్ నివేదికలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో వెతకండి.

మందు తగ్గినప్పుడు యాంటీబాడీ రావడం యాదృచ్ఛికం కాదు. కెనడాలోని విన్నిపెగ్ వైద్యులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మార్పిడికి ముందు దాత యాంటీబాడీలు లేని 315 మందిలో 15 శాతం మందికి సగటున 4.6 ఏళ్లకు కొత్తగా అవి వచ్చాయి. మందులు సరిగా వేసుకోకపోవడం అందుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా తేలింది. ఇలా ఆలస్యంగా పుట్టేవాటిలో డీక్యూకు వ్యతిరేకమైనవే ఎక్కువ. ఆ ప్రోటీన్‌లోని రెండు గొలుసులూ మనిషి మనిషికీ మారడం అందుకు ఒక కారణం.

ఇక చికిత్స. ప్లాస్మా మార్పిడి అంటే రక్తంలోని ప్లాస్మాను, ఒక్కో విడతకు సుమారు మూడు లీటర్లు, తీసేసి దాని స్థానంలో ఆల్బుమిన్ ఎక్కించడం. ఒక విడతలో రక్తనాళాల్లో ఉన్న యాంటీబాడీలో మూడింట రెండు వంతుల వరకు పోతుంది. కానీ ఐజీజీ అనే ఈ తరగతి యాంటీబాడీలో సగానికి పైగా రక్తనాళాల బయట కణజాలంలో ఉంటుంది, అది ఒకటి రెండు రోజుల్లో తిరిగి రక్తంలోకి చేరుతుంది, ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు కొత్తది తయారు చేస్తూనే ఉంటాయి. రిటుక్సిమాబ్ పని చేసేది బీ కణాల మీద. ప్లాస్మా కణాలకు ఆ మందు గుర్తుపట్టే సీడీ20 గుర్తు ఉండదు కాబట్టి అది వాటిని తాకదు. ప్లాస్మా కణాలనే దెబ్బతీసే బోర్టెజోమిబ్‌ను ఆలస్యంగా వచ్చిన తిరస్కరణలో పరీక్షించి చూస్తే కిడ్నీ పనితీరులో ప్రయోజనం కనబడలేదు.

మార్పిడి జరిగిన మొదటి వారాల్లో, పాత యాంటీబాడీ తిరగబెట్టి, క్రియాటినిన్ రోజుల్లో పెరిగిపోయే తిరస్కరణ వేరు. అక్కడ ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ, స్టెరాయిడ్లు వెంటనే మొదలుపెట్టాలి, చాలామందిలో కిడ్నీ నిలుస్తుంది, అందులో రెండో మాట లేదు. మీ భార్యది ఆ రకం కాదు. కొత్తగా పుట్టిన డీక్యూ యాంటీబాడీతో ఏళ్ల తరువాత వచ్చిన దీర్ఘకాలిక తిరస్కరణలో ప్లాస్మా మార్పిడి కిడ్నీ ఆయుష్షును పెంచుతుందని నిరూపణ లేదు. 2019లో ట్రాన్స్‌ప్లాంటేషన్ సొసైటీ పిలిచిన నిపుణుల సమావేశం కూడా ఈ దశకు మూల మందులను సరిదిద్దడమే ప్రధాన చికిత్స అని తేల్చింది: టాక్రోలిమస్ స్థాయి 5 పైన ఉండేలా చూడడం, స్టెరాయిడ్ ఆపి ఉంటే తిరిగి మొదలుపెట్టడం, మైకోఫెనొలేట్‌ను తట్టుకోగలిగిన పూర్తి మోతాదులో ఇవ్వడం, రక్తపోటును, ప్రోటీన్ పోవడాన్ని గట్టిగా అదుపు చేయడం. మీ వైద్యులు మీ భార్యను కళ్లారా చూసినవారు, నేను చూడలేదు. కనుక ఆ చికిత్స వద్దని నేను అనను. దాన్నుంచి మీరు ఏం ఆశిస్తున్నారు, ఎన్ని విడతలు, ఏ అంకె మారితే పనిచేసినట్టు అనుకుంటారు అని వారిని నేరుగా అడగండి. టీబీ మొన్నమొన్ననే వచ్చి తగ్గిన మనిషికి రోగనిరోధక శక్తిని ఇంకా అణచే మందులు ఇచ్చేటప్పుడు ఇన్ఫెక్షన్ భయం మామూలు కంటే ఎక్కువని కూడా గుర్తుచేయండి. నగలు తాకట్టు పెట్టి ఈ చికిత్సకు వచ్చిన కుటుంబాలను చూశాను, ఆ డబ్బు తరువాతి సంవత్సరాల మాత్రలకు, పరీక్షలకు మిగిలి ఉంటే కిడ్నీకి ఎక్కువ మేలు జరిగేది.

ఆశ పెట్టుకోదగిన కొత్త మందు ఒకటి ఉంది. ప్లాస్మా కణాల మీద, సహజ హంతక కణాల మీద ఉండే సీడీ38 గుర్తును పట్టుకునే ఫెల్జార్టమాబ్‌ను 22 మందిలో పరీక్షించిన ఫలితాలను వియన్నా వైద్యుల బృందం 2024లో ప్రచురించింది. 24 వారాల తరువాత చేసిన బయాప్సీల్లో, మందు తీసుకున్న 11 మందిలో 9 మందికి తిరస్కరణ లక్షణాలు పోయాయి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 10 మందికి ఇద్దరిలోనే పోయాయి. మందు ఆపిన తరువాత కొందరిలో తిరగబెట్టింది. ఇది చిన్న పరీక్ష, పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఇది ప్రామాణిక చికిత్స కాదు. కాని మీ భార్య కిడ్నీని మరికొన్నేళ్లు నిలబెట్టుకోవడానికి ఇది కూడా ఒక బలమైన కారణం.

టాక్రోలిమస్ స్థాయి పరీక్ష గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు చాలా మామూలుది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. ఊరి నుంచి తెల్లవారుజామున బస్సు ఎక్కి వచ్చేవారు టైముకు వేసుకోవాలన్న శ్రద్ధతోనే ఆరింటికి మాత్ర మింగి, పది గంటలకు రక్తం ఇస్తారు. నివేదికలో స్థాయి ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది, అది చూసి వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు, నిజానికి అసలు స్థాయి అప్పటికే తక్కువ. మాత్రను చేతిసంచిలో తెచ్చుకుని, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే మింగడం మేలు. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ స్థాయి పెరుగుతుంది, పంపరపనస తిన్నా పెరుగుతుంది, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్ వల్ల పడిపోతుంది. కంపెనీ మారితే వారంలోపు మళ్లీ స్థాయి చూడాలి. ఉచితంగా వచ్చే మందుల్లో కంపెనీ మారడం తరచూ జరుగుతుంది కాబట్టి డబ్బా మీద పేరు ప్రతి నెలా చూసుకోండి. టీబీ మందులు ఆపిన రెండు మూడు వారాల్లో రిఫాంపిసిన్ ప్రభావం పోయి స్థాయి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు మోతాదు తగ్గించి ఉంటే ఇప్పుడు అది మరీ తక్కువగా ఉందేమో కూడా తేల్చుకోవాలి.

మూడో ప్రశ్న. ఈ కిడ్నీ ఇంకా పనిచేస్తూనే ఉంది, కానీ తరువాతి దాత గురించి ఆలోచన ఇప్పటి నుంచే ఉండడం మంచిదే. యాంటీబాడీల పరంగా చూస్తే, మీరు దాత కాగలరా అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. పైన చెప్పిన రెండో కట్ట మీలో ఉంటే, ఏ డీక్యూ మీద ఆమె యాంటీబాడీ ఇప్పుడు దాడి చేస్తోందో అదే డీక్యూ మీ కిడ్నీలోనూ ఉంటుంది, అప్పుడు మీ కిడ్నీ పెట్టకూడదు. అది మీలో లేకపోయినా, రెండు కాన్పుల వల్ల మీ ఇతర హెచ్ఎల్ఏలకు ఆమె శరీరం యాంటీబాడీలు తయారు చేసుకుని ఉండవచ్చు. సింగిల్ యాంటిజెన్ నివేదికను మీ టైపింగ్‌తో పోల్చి చూస్తే ఇది తెలుస్తుంది. ఇదే లెక్క ఆమె తోబుట్టువులకు, మేనమామలకు, పిన్నమ్మ, పెద్దమ్మలకు కూడా వర్తిస్తుంది. రక్తసంబంధం దగ్గరిది కాబట్టి మంచిదని అనుకునే ఈ బంధువుల్లోనే ఆ రెండో కట్ట ఉండే అవకాశం ఎక్కువ. ఆమె తండ్రిగారిలో, ఆయన ఈ వంశానికి రక్తసంబంధి కాకపోతే, ఆ కట్ట ఉండే అవకాశం చాలా తక్కువ.

మీది సరిపోదని తేలినా దారి మూసుకుపోదు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం, దగ్గరి బంధువుల మధ్య సరిపోని రెండు జంటలు దాతలను పరస్పరం మార్చుకోవచ్చు. మీ కిడ్నీ మరొకరి భార్యకు, ఆమె భర్త కిడ్నీ మీ భార్యకు పెట్టవచ్చు. జీవన్‌దాన్ (మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం) జాబితాలో పేరు నమోదు చేయించుకునే సంగతి వడపోత సామర్థ్యం 20 దగ్గరికి వస్తున్నప్పుడు మీ వైద్యులతో మాట్లాడండి. అప్పటిదాకా రెండు పనులు చేయకండి. రక్తం తక్కువగా ఉందని ఎవరైనా రక్తం ఎక్కించబోతే, ప్రాణాపాయం లేనప్పుడు రక్తం పెంచే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ సరిపోతాయేమో ముందు అడగండి, ఎక్కించే ప్రతి సంచీ కొత్త యాంటీబాడీలకు దారి తీయవచ్చు. ఒకవేళ ఈ కిడ్నీ పూర్తిగా ఆగిపోయినా, ఇక పనికిరాదు కదా అని టాక్రోలిమస్‌ను మీ అంతట మీరు ఆపకండి. అది ఆగిన నెలల్లోనే యాంటీబాడీలు కొత్త కొత్త హెచ్ఎల్ఏలకు వ్యాపించి, రెండో కిడ్నీకి సరిపోయే దాతలు కరువైపోతారు.